పాదాల కింద గాజు

కౌసల్య పాదాలు బాగుంటాయని ఊళ్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆ మాట వినడానికి ఆమె ఫిల్మ్‌నగర్ రావలసి వచ్చింది. ఆడపిల్లలందరినీ వరసగా నిలబెట్టి, కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకోమని, ఎవరి మొహమూ చూడకుండా కిందికే చూసుకుంటూ నడిచిన నిర్మాత ఆదినారాయణ గారు ఆమె దగ్గరకు రాగానే ఆగిపోయారు.

"అమ్మవారి పాదాలంటే ఇవయ్యా!" అన్నారు పక్కనున్న మేనేజర్‌తో.

తీయబోయేది అమ్మవారి సినిమా. కథానాయిక బొంబాయి నుంచి రావడానికి ఇంకా చాలా రోజులుంది. ముహూర్తం మాత్రం శ్రావణం దాటకూడదని సిద్ధాంతిగారు పట్టుబట్టారు. అందుకని మొదటి షాట్‌లో మొహం లేకుండా చూసుకున్నారు. పసుపు రాసిన ఒక పాదం నేల మీద మోపడం, అంతే షాట్. ఆ అడుగు కలిసొస్తే కథానాయిక స్నేహితురాలి వేషం ఇస్తానని ఆదినారాయణ గారు కౌసల్యకు మాటిచ్చారు. అది మాటలున్న వేషం. కృష్ణానగర్ కిరాయి గదిలో ఉంటూ, పెళ్లి సీన్లలో వెనక వరసలో అక్షింతలు చల్లీ చల్లీ విసిగిన మనిషికి అంతకన్నా ఏం కావాలి?

ఆ గదిలోనే కౌసల్య చెల్లెలు నవత కూడా ఉండేది. ఊరి బళ్లో పదో తరగతి పూర్తిచేసి, సెలవులకని అక్క దగ్గరికి వచ్చి ఉండిపోయింది. నలుగురిలో పేరడిగితే గొంతు పెగలని పిల్ల. బళ్లో జవాబు తెలిసినా లేచి నిలబడేది కాదు. అందరూ తలలు తిప్పి చూస్తారని దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా ఊపిరి బిగబట్టి లోపలే మింగేసేది.

"ముక్కు పగుల్తదే ఒకనాడు" అని అక్క నవ్వేది. "తుమ్ము సుత దాసుకుంటరా ఎవరన్న?"

అక్క ఎక్కడికి వెళ్తే అక్కడికి బట్టల పెట్టె పట్టుకుని నవత వెళ్లేది. ఏదో ఒక మూల కూర్చుని చూస్తుండేది. మాట్లాడని మనిషికి చూడడానికి బోలెడు తీరిక.

హైటెక్ సిటీ లేచిన కొత్త రోజులవి. కొండ మీద రాళ్లు పేల్చిన చోటల్లా అద్దాల ఆఫీసులు పుట్టుకొస్తున్నాయి. ఇంటర్నెట్ తీగల కోసమని ఏ రోడ్డు చూసినా అంచున కాలువలా తవ్వి, మట్టి పైపైన కప్పి వెళ్లిపోయేవాళ్లు. ఫిల్మ్‌నగర్ చివర, గుండురాళ్ల పక్కన ఆదినారాయణ గారు గుడి సెట్ వేయిస్తున్న స్థలం అంచునుంచి కూడా అలాంటి తవ్వకం ఒకటి పోయింది.

ఆ స్థలంలో తుమ్మ కంపలు కొడుతుంటే కూలీలకు మట్టిలో ఒక వస్తువు దొరికింది. చూపుడు వేలంత లావు, జానెడు పొడవు. నల్లగా మెలి తిరిగిన గాజు గొట్టం. సంగతి తెలిసి ఆదినారాయణ గారు జూబ్లీ హిల్స్ ఇంటినుంచి కారులో పరుగున వచ్చారు. ఆయన వేలికి ఎప్పుడూ ఒక నల్లరాయి ఉంగరం ఉండేది. ఆకాశం నుంచి పడిన అగ్నిమణి అని నగల కొట్టువాడు చెప్పి అమ్మాడు. ఈ గాజును చూడగానే ఆయన కళ్లకద్దుకున్నారు.

"ఉంగరంలోది కొనుక్కున్నా. ఇది నన్ను వెతుక్కుంటూ పైనుంచి వచ్చింది" అన్నారు.

సిద్ధాంతిగారు వచ్చి, దొరికిన చోటు చుట్టూ నడిచి, అక్కడ గడ్డి గుండ్రంగా మాడిపోయి ఉండటం చూసి తల పంకించారు. అమ్మవారి మొదటి అడుగు సరిగ్గా అక్కడే పడాలన్నారు. చుట్టూ తాడు కట్టారు. చెప్పులతో ఎవరూ లోపలికి పోకూడదు. ముహూర్తం దాకా రోజూ ఆ చోట పాలు, పసుపునీళ్లు పోయాలి.

మొదటిసారి అక్కడ అడుగు వేసి చూసుకున్న రోజు కౌసల్య గబుక్కున కాలు వెనక్కి తీసుకుంది.

"పంతులుగారూ, అరికాళ్లు జుమ్ముమంటున్నయండి. చీమలు పాకినట్టుంది."

"పాకదూ మరి! శక్తి తల్లీ అది. ఎవరికి పడితే వాళ్లకు తెలియదు" అన్నారు సిద్ధాంతిగారు. చుట్టూ ఉన్నవాళ్లు చేతులు జోడించారు. కౌసల్య కళ్లలో నీళ్లు తిరిగాయి. మూల కూర్చున్న నవతకు మాత్రం ఎందుకో ఆ మాడిన గడ్డి వలయం మీంచి చూపు తిప్పుకోవడం చేతకాలేదు.

*

పత్రికల్లో వేయించడానికి చదువుకున్నవాడి మాట ఒకటి ఉంటే బాగుంటుందని ఆదినారాయణ గారికి తోచింది. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన ప్రభాకర్ గారిని పిలిపించారు. ఆ రోజు కౌసల్యకు కాలి కడియాల కొలత ఇవ్వాలని ఇంటికి రమ్మన్నారు కనుక, అక్కాచెల్లెళ్లు కూడా జూబ్లీ హిల్స్‌లోనే ఉన్నారు. అక్క లోపలికి వెళ్లింది. నవత వరండాలో పెట్టె పక్కన కూర్చుంది. ఎదురుగా ప్రభాకర్ గారు.

ఎంతసేపటికీ లోపలి నుంచి పిలుపు రాలేదు. ఆయన విసుగుపుట్టి సంచిలోంచి దూది పరిచిన డబ్బా తీశారు. పిల్ల దొంగచూపులు చూస్తోందని గమనించి డబ్బా ఆమె వైపు తిప్పారు.

"పట్టుకో. కరవదులే."

లోపల నల్లటి గాజు ముక్కలు. ఒకటి తోక ఉన్న నీటిబొట్టులా ఉంది. ఒకటి డమరుకంలా నడుము సన్నగా ఉంది. ఇంకొకటి చుట్టూ అంచు తిరిగిన చొక్కా బొత్తాంలా ఉంది.

"ఎక్కడెక్కడివో ఇవి. దేశాలు దాటి నా దగ్గరికొచ్చాయి. ఎలా పుట్టాయో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆకారమే చెబుతుంది" అన్నారాయన. "లక్షల ఏళ్ల కిందట ఆకాశం నుంచి పెద్ద రాయొచ్చి నేలను గుద్దింది. ఆ దెబ్బకు నేలే కరిగి పైకి చిందింది. గాలిలో గిరగిరా తిరుగుతూ గడ్డకట్టింది. జోరుగా తిరిగింది సాగిపోయి ఇదుగో, ఈ డమరుకం అయింది. బాగా పైకి పోయి మళ్లీ దూసుకుంటూ దిగినదానికి ముందువైపు ఇంకోసారి కరిగి వెనక్కి మడత పడింది. అదే ఈ బొత్తాం అంచు."

"అంటే... ఇయి ఆకాశంలకెల్లి వచ్చినయి కాదా సార్?" తన గొంతు తనకే వినబడి నవత ఉలిక్కిపడింది.

"పడడం పైనుంచే పడ్డాయి. పుట్టడం మాత్రం కిందే పుట్టాయి. గాజంతా మన మట్టేనమ్మా." ఆయన ముచ్చటపడిపోయారు. "ఎగిరిన గాజు ఒళ్లు దులుపుకున్నట్టు ఉంటుంది, మట్టి అంటదు. అచ్చులో పోసినదైతే చుట్టూ సన్నగా అతుకు గీత కనబడుతుంది. ఇక నేలలోనే పుట్టి అక్కడే ఉండిపోయినదైతే..."

అంతలో పిలుపు వచ్చింది. పెట్టె తెమ్మని అక్క కూడా పిలవడంతో నవత ఆయన వెనకే హాల్లోకి వెళ్లింది.

వెండి పళ్లెంలో పసుపు కుంకుమల మధ్య గాజు గొట్టం. ప్రభాకర్ గారు దాన్ని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశారు.

"ఇది పైనుంచి పడలేదండీ. చూడండి, బయటంతా ఇసుక కరుచుకుని ఉంది. లోపల బోలు, నున్నగా ఉంది. నేల లోపలే ఇసుక కరిగి పుట్టింది. పిడుగు పడ్డచోట ఇలాంటివి దొరుకుతాయి."

ఆదినారాయణ గారు కుర్చీలోంచి లేచిపోయారు. "పిడుగు! విన్నారా సిద్ధాంతిగారూ? సాక్షాత్తూ ఇంద్రుడి వజ్రాయుధం!"

"ఆగండాగండి. పిడుగని నేను తేల్చలేదు. పిడుగు గాజు చెట్టు వేరులా నిలువుగా దిగుతుంది, పోనుపోను సన్నబడుతుంది. ఇది రెండు కొసలా ఒకే లావుంది. దొరికిన చోటు నేను ఒకసారి చూడాలి."

"ముహూర్తం దాకా బయటివాళ్లు అడుగు పెట్టకూడదండీ" అన్నారు సిద్ధాంతిగారు.

ఆదినారాయణ గారికి కావలసిన మాట అప్పటికే దొరికింది. కాఫీ ఇచ్చి పంపేశారు. మెట్లు దిగుతూ ప్రభాకర్ గారు తన ఫోన్ నంబరున్న కార్డు నవత చేతిలో పెట్టారు.

"నువ్వు రోజూ అక్కడే ఉంటావుగా? అలాంటిది మళ్లీ కనబడితే నిలువుగా ఉందో పడుకుని ఉందో చూసి ఫోన్ చెయ్యమ్మా. అంతే."

*

ముహూర్తానికి ముందు రోజు మధ్యాహ్నం ఎండ తెల్లగా కాసింది. శ్రావణమాసమన్న మాటే గాని ఆ వారమంతా ఒక్క ఉరుము లేదు. కౌసల్య తాడు బయట నిలబడి నడక సరిచూసుకుంటోంది. సెట్ పక్క షెడ్డులో ఫ్యాన్లు ఉన్నట్టుండి నీరసించి, మళ్లీ పుంజుకున్నాయి. కొండ మీది అద్దాల ఆఫీసుల్లో కూడా దీపాలు ఒక్క రెప్పపాటు ఆగి వెలిగాయి. అదే క్షణంలో తాడు లోపలి నేల నుంచి సన్నగా ఆవిరి లేచింది.

నవత తాడు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. పాలు పోసీ పోసీ నేల నెర్రెలు విచ్చింది. ఒక నెర్రెలో ఏదో మెరిసింది. చీపురు పుల్లతో మట్టి తోసింది. నల్లటి గాజు. నిలువుగా లేదు. పాము పడుకున్నట్టు పడుకుని ఉంది. దాని తల తవ్విన కాలువ వైపు ఉంది.

చిన్న పెళ్ల ఒకటి పుల్లకు అంటి బయటికొచ్చింది. వేలితో ముట్టుకుని చేయి వెనక్కి లాక్కుంది. పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నెలా ఉంది.

పిడుగు లేదు. మబ్బు లేదు. గాజు మాత్రం పుడుతూనే ఉంది.

ఆ సాయంత్రం కృష్ణానగర్‌లో కాయిన్ బాక్స్ నుంచి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. పొద్దున్నే మళ్లీ చేసింది. ప్రభాకర్ గారే ఎత్తారు. ఆమె చెప్పిందంతా విన్నారు.

"ఆ పక్కన ఏమైనా తవ్వారామ్మా ఈమధ్య?"

"ఇంటర్నెట్ తీగలకని తవ్విండ్రు సార్. కొండమీది ఆఫీసుల దిక్కు పోయింది."

"భగవంతుడా! దాని పక్కనే ఆ ఆఫీసులకు పోయే పెద్ద కరెంటు కేబుల్ ఉండుంటుంది. గునపం దెబ్బ తగిలి లోపల్లోపలే మండుతోంది. ఇసుకను గాజు చేసే మంటమ్మా అది. తడి పోసినకొద్దీ ఎక్కువవుతుంది. ఆ నేల మీద ఎవరినీ కాలు పెట్టనివ్వకు. నేను కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి వస్తున్నా, నేనొచ్చే దాకా..."

లైను తెగిపోయింది. ఆపడమట! నలుగురిలో పేరు చెప్పుకోలేని పిల్ల, ఆదినారాయణ గారి ముహూర్తాన్ని ఆపాలి.

*

కౌసల్య పాదాలకు పసుపు రాయించుకుంటోంది. నవత చెవిలో చెప్పింది. అక్క మొహం గంటు పెట్టుకుంది.

"ఇన్నేండ్లు నోట్లె నాలుక లేనట్టుంటివి. ఇయ్యాల్నే దొరికిందా నీకు మాట్లాడనీకి?"

"అక్కా, నిన్న ముట్టిన. కాలుతుంది. సార్ సుత చెప్పిండు..."

"ఆ సారే పిడుగన్నడు గదా మొన్న. ఇయ్యాల కరెంటంటడు, రేపు ఇంకోటంటడు. ఊకో నవతా. ఒక్క అడుగు. ఒక్కటంటే ఒక్కటి. నా బతుకు మారుతదే."

మేనేజర్ ఓంప్రకాష్ పూలబుట్టలు మోయిస్తూ అటువచ్చాడు. నవత అతని దారికి అడ్డంగా నిలబడింది. మాటలు సగం సగం వచ్చాయి. అతను పకపకా నవ్వాడు.

"అరె, హైదరాబాదుల కరెంటు లేదని లొల్లి పెట్టెటోళ్లను చూసిన గాని, ఉన్నదని ఏడ్సెటోళ్లను నిన్నే చూస్తున్న బిడ్డా! ఫికర్ చేయకు. జర పక్కకు జరుగు, గంధం ఒలుకుతది."

కెమెరాకు హారతి ఇచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. సిద్ధాంతిగారు తాడు బయటే నిలబడి బిందెడు పసుపునీళ్లు లోపలికి కుమ్మరించారు. నేల 'స్' అని శబ్దం చేసింది. ఆవిరి లేచింది. జనం జేజేలు పలికారు. తాడు విప్పేశారు. సాంబ్రాణి పొగ దట్టంగా అలుముకుంది.

"సైలెన్స్!" అని కేక.

చేతుల్లో ఇత్తడి కలశంతో కౌసల్య నడిచి వచ్చింది. తడి పాదాలు, తడి చీరంచు. కుడికాలు ఎత్తింది.

నవత నోరు తెరిచింది. గొంతు రాలేదు. ఊళ్లో బళ్లో లేచి నిలబడలేని ప్రతిరోజూ ఆ గొంతులో అడ్డంపడి కూర్చున్నట్టుంది. మాట రాలేదు గాని, తెరిచిన నోట్లోకి, ముక్కులోకి సాంబ్రాణి పొగ వెళ్లింది. ముక్కు చివర చురుక్కుమంది. అలవాటుగా ఊపిరి బిగబట్టబోయి, ఆగింది. బిగబట్టలేదు. వదిలేసింది.

ఆ నిశ్శబ్దంలో తుమ్ము చెంపదెబ్బలా పేలింది.

కౌసల్య కాలు గాలిలోనే ఆగిపోయి వెనక్కి వచ్చింది. వందమంది తలలు తిరిగాయి.

"ఒంటి తుమ్ము!" అన్నారెవరో.

ఆదినారాయణ గారి మొహం పాలిపోయింది. "ఎవరది? ఎవరా పిల్ల?"

"కౌసల్య చెల్లె సార్" అన్నాడు ఓంప్రకాష్. ఇప్పుడతని గొంతులో నవ్వు లేదు.

"కాస్త కూర్చుని మంచినీళ్లు తాగండి" అన్నారు సిద్ధాంతిగారు. గడియారం చూసుకున్నారు. "ఎక్కువసేపు లేదు. లగ్నం దాటిపోతుంది. ఆ అమ్మాయే ఇంకొక్కసారి తుమ్మితే దోషం పోతుంది. జంట తుమ్ము శుభం."

అంతే, అందరూ నవత చుట్టూ మూగారు.

"తుమ్ము బిడ్డా, నీకు పుణ్యముంటది."

"సూర్యుడి దిక్కు చూడమనుండ్రి, వస్తది."

"దారప్పోగు పెట్టండి ముక్కులో!"

సిద్ధాంతిగారు తన ముక్కుపొడి డబ్బీ ఇచ్చారు. ఆదినారాయణ గారు స్వయంగా చిటికెడు తీసి నవత ముక్కు దగ్గర పెట్టారు. ఆయన వేలి ఉంగరం ఆమె కళ్లకు ఆనేంత దగ్గరగా వచ్చింది. అగ్నిమణి చుట్టూ వెంట్రుకంత అతుకు గీత. అచ్చులో పోసిన గాజు.

"పీల్చమ్మా. బంగారుతల్లివి కదూ. పీల్చు!" మాట మెత్తగానే ఉంది. రెండో చేయి మాత్రం ఆమె మెడ వెనక గట్టిగా పట్టుకుంది.

ముక్కులో నిప్పు పోసినట్టయింది. కళ్లమ్మట నీళ్లు కారాయి. నవత పళ్లు కరిచిపట్టి, నాలుక అంగిలికి నొక్కి, ఊపిరి ఆపేసింది. ఇన్నేళ్లూ ఎవరూ మెచ్చుకోని పని, తనకు వచ్చిన ఒకే ఒక్క పని అది. మనుషుల వెనక ఫ్యాన్లు నీరసించి మళ్లీ తిరిగాయి. తడి నేల మీద చల్లిన బంతిపూలు ఒకటొకటే అంచులు ముడుచుకుంటున్నాయి. అటు ఎవరూ చూడలేదు. అందరూ ఆమె ముక్కు వంకే చూస్తున్నారు.

జనాన్ని తోసుకుని కౌసల్య వచ్చింది.

"చెల్లే, నీ కాళ్లు మొక్కుత. ఒక్కపారి తుమ్మవే. నన్ను ఆగం చేయకే."

అది ముక్కుపొడికన్నా ఘాటుగా తగిలింది. నవత తల అడ్డంగా ఊపింది. మొహమంతా నీళ్లు, పెదవి మీద ముక్కుపొడి, పాలరాయిలా బిగిసిన దవడలు. ఆ మొహాన్ని కౌసల్య చాలాసేపు చూసింది. చిన్నప్పటినుంచి తను ఎత్తుకు తిరిగిన పిల్ల మొహం. అది అబద్ధమాడటం ఆమె ఎన్నడూ చూడలేదు. మొండికేయడమూ చూడలేదు.

"ఇక లాభం లేదు. లగ్నం వెళ్లిపోతోంది" అన్నారు ఆదినారాయణ గారు. "ఒంటి తుమ్మైతే అయింది, అమ్మవారే చూసుకుంటుంది. కానివ్వండి. రామ్మా!"

కౌసల్య తిరిగి నడిచింది. వలయం అంచు దాకా వెళ్లి నిలబడింది.

"సార్, ముందుగాల కలశం దింపుత" అంది.

"అలా రాసుకోలేదమ్మా. పాదం పెట్టు!"

ఆమె వినలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, నీళ్లు నిండిన కలశాన్ని ఆ నెర్రెల మీదికి విసిరింది.

మొదట ఏమీ కాలేదు. నీళ్లు గుటకలేసినట్టు లోపలికి దిగిపోయాయి. ఆ తర్వాత నేల కింద ఎవరో గట్టిగా దగ్గినట్టు ఒక చప్పుడు. నీలంగా వెలుగు. మట్టి మనిషెత్తున లేచింది. ఫ్యాన్లు ఆగాయి, లైట్లు ఆరిపోయాయి, కొండ మీది అద్దాల ఆఫీసులన్నీ ఒక్కసారిగా కళ్లు మూసుకున్నాయి. కెమెరా దగ్గరి జనం ఒకరి మీద ఒకరు పడుతూ పరుగెత్తారు. కలశం అడుగు కరిగి ఒక పక్కకు ఒరిగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కౌసల్య చీరంచు మీద మాత్రం అక్కడక్కడ నల్లటి కన్నాలు పడ్డాయి.

అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, నవత రెండోసారి తుమ్మింది. ఈసారి ఎవరూ తల తిప్పలేదు.

*

ప్రభాకర్ గారి ఆటో వచ్చేసరికి కరెంటువాళ్లు కూడా వచ్చి ఉన్నారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని మట్టిలోంచి ఆవగింజలంత, పెసరగింజలంత నల్లటి పూసలు ఏరారు. ఒకటి తోక ఉన్న బొట్టులా ఉంది. ఒకటి బుల్లి డమరుకం.

"చూశావా, మట్టి అంటలేదు" అన్నారు నవతతో, గొంతు తగ్గించి. "ఇవి ఎగిరినవి."

కొంచెం దూరంలో ఆదినారాయణ గారు కారెక్కుతున్నారు. "ఆ ఒంటి తుమ్మే కొంప ముంచింది" అంటున్నారు సిద్ధాంతిగారితో. "ఆ పిల్ల తుమ్మకపోతే ఇదంతా జరిగేదా? ఆ పాదాలు మనకు అచ్చిరావు, వేరే ఎవరినైనా చూడండి." ఓంప్రకాష్ ఒకసారి నవత వైపు చూశాడు. ఆ తర్వాత కారు తలుపు వేశాడు.

అక్కాచెల్లెళ్లు నడిచే కృష్ణానగర్ దిగారు. కౌసల్య పాదాల పసుపు దుమ్ములో కలిసిపోయింది. సగం దారిలో ఆమె ఆగింది. చెల్లెలి ముక్కు కొంగుతో తుడిచింది.

"పగల్లేదు ఇంకా" అంది.

నవత నవ్వలేదు. ఆమె చూపు రోడ్డు అంచు మీద ఉంది. కొత్తగా కప్పిన మట్టి గీత ఒకటి వాళ్ల పక్కనే కొండ దిగుతూ వస్తోంది. వాళ్లు మలుపు తిరిగితే అదీ తిరిగింది, సందులోకి వస్తే అదీ వచ్చింది. వాళ్ల గది ముందు నుంచే రహమత్ నగర్ వైపు సాగిపోయింది. గుమ్మం ఎదురుగా, నల్లా నీళ్లు కారి ఎప్పుడూ తడిగా ఉండే చోట, పిల్లలు ఉత్తకాళ్లతో తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. వాళ్ల కాళ్ల పక్కన గడ్డి గుండ్రంగా మాడిపోయి ఉంది.

నవత బట్టల పెట్టె కింద పెట్టింది. ఊపిరి నిండా పీల్చుకుని, వీధంతా తలలు తిప్పి చూసేలా, కేకేసింది.